పెళ్లిని చూసి మనసును చదవలేం: బైసెక్సువాలిటీ అంటే ఏమిటి?

అమలాపురంలో అయినా పాలకొల్లులో అయినా, ఒక మగవాడికి పెళ్లయి ఇద్దరు పిల్లలుంటే అతని మనసు ఎటు మొగ్గుతుందన్న ప్రశ్న అక్కడితో ముగిసిపోతుంది. పెళ్లే జవాబు. ఇద్దరు ఆడపిల్లలు ప్రేమించుకుని ఇల్లు విడిచి వెళ్లారన్న వార్త వస్తే వాళ్లిద్దరూ లెస్బియన్లని మనం వెంటనే తేల్చేస్తాం. వాళ్లలో ఒకరు అంతకుముందు ఒక అబ్బాయిని నిజంగానే ప్రేమించి ఉండొచ్చన్న ఆలోచన ఎవరికీ రాదు. రెండు చోట్లా జరిగే పొరపాటు ఒకటే. పక్కన ఎవరున్నారో చూసి, మనసులో ఎవరికి చోటుందో చెప్పేస్తున్నాం. బైసెక్సువల్ మనుషులు మన మధ్యే ఉండి కూడా కనబడకుండా పోవడానికి ఇదే పెద్ద కారణమని నా నమ్మకం.

ఒకటికన్నా ఎక్కువ జెండర్ల వాళ్ల మీద ప్రేమో, లైంగిక ఆకర్షణో, రెండూనో కలిగే స్వభావాన్ని బైసెక్సువాలిటీ అంటారు. పత్రికల్లో ద్విలైంగికత అని రాస్తుంటారు. ఒంటి నిర్మాణానికీ దీనికీ సంబంధం లేదు. పుట్టుకతోనే శరీర లక్షణాలు ఆడ, మగ అన్న మామూలు విభజనలో ఇమడనివాళ్లు ఇంటర్‌సెక్స్ వ్యక్తులు. పుట్టినప్పుడు నమోదు చేసిన జెండర్‌కీ, తాము ఎరిగిన తమ జెండర్‌కీ పొత్తు కుదరనివాళ్లు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు. మన వైపు వీళ్లందరినీ ఒకే గాటన కట్టి ఒకే తిట్టుతో పిలిచే అలవాటు ఉంది కాబట్టి ఈ తేడా ముందే చెప్పాలి. బైసెక్సువల్ మగవాడు మగవాడే, బైసెక్సువల్ స్త్రీ స్త్రీయే. ట్రాన్స్ వ్యక్తి బైసెక్సువల్ కావచ్చు, కాకపోనూవచ్చు.

ఈ నిర్వచనాన్ని చాలామంది చాలా రకాలుగా చెప్పారు. అమెరికాలో దశాబ్దాలుగా ఈ విషయం మీద పనిచేస్తున్న రాబిన్ ఓక్స్ చెప్పిన తీరును ఇవాళ ఎక్కువమంది వాడుకుంటారు. ఒకటికన్నా ఎక్కువ జెండర్ల వాళ్ల వైపు ఆకర్షణ కలిగే వీలు తనలో ఉందని ఆమె అంటారు. అది ఒకే సమయంలో కలగాలని లేదు, ఒకే తీరుగా ఉండాలని లేదు, ఒకే మోతాదులో ఉండాలనీ లేదు అని కూడా అంటారు. ఇరవై ఏళ్లప్పుడు ఒక అబ్బాయిని ప్రేమించిన అమ్మాయి ముప్పై ఏళ్లకు ఒక స్త్రీని ప్రేమించవచ్చు. ఒక మగవాడికి ఆడవాళ్ల మీద గాఢమైన ప్రేమ, మగవాళ్ల మీద శారీరకమైన ఆకర్షణ మాత్రమే ఉండవచ్చు. ఇంకొకరికి నూటికి తొంభై పాళ్లు మనసు ఒకవైపే ఉండి, జీవితంలో ఒకరిద్దరి విషయంలో మాత్రం రెండోవైపు తిరగవచ్చు. సరిగ్గా సగం సగం ఉంటేనే బైసెక్సువల్ అనుకునేవాళ్లు, తమ మీద తమకే అనుమానంతో ఏళ్లకు ఏళ్లు గడిపేస్తారు. అంత కొలత అక్కర్లేదు.

ఓక్స్ చెప్పిన దాంట్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది 'వీలు' అన్న మాట. పెళ్లికి ముందు ఎవరినీ తాకని కుర్రాడిని, నీకు అమ్మాయిలంటేనే ఇష్టమని ఎలా తెలిసిందిరా అని ఎవరూ అడగరు. అతని మనసుకు తెలుసు, అంతే. అదే కుర్రాడు తనకు అమ్మాయిల మీదా, అబ్బాయిల మీదా ఇష్టం కలుగుతోందని చెబితే మాత్రం 'ఎప్పుడైనా చేసి చూశావా?' అని రుజువు అడుగుతారు. ఒకరికి అక్కర్లేని రుజువు ఇంకొకరికి ఎందుకు కావాలి?

కోరిక, చేత, పేరు

ఈ విషయంలో గందరగోళం అంతా మూడు సంగతులను కలిపేయడం వల్ల వస్తుంది. మనసు ఎవరివైపు లాగుతుంది అనేది ఒకటి. మనిషి నిజంగా ఎవరితో ఉన్నాడు అనేది, అంటే చేత, రెండోది. తనను తాను ఏ పేరుతో పిలుచుకుంటాడు అనేది మూడోది. చాలామందిలో మూడూ ఒకే దారిలో నడుస్తాయి కాబట్టి వాటిని విడదీయాల్సిన అవసరమే రాదు. బైసెక్సువల్ మనుషుల్లో మాత్రం అవి తరచూ విడిపోతాయి.

రాజోలు, నరసాపురం వైపు గల్ఫ్ వెళ్లినవాళ్లు లేని వీధి అరుదు. ఏళ్ల తరబడి మగవాళ్లు మగవాళ్లతోనే గదులు పంచుకుని బతుకుతారు. అలా వెళ్లినవాళ్లలో పెళ్లయిన ఒకతను అక్కడ తోటివాడికి దగ్గరయ్యాడనుకుందాం. తిరిగొచ్చాక అటువంటి కోరిక మళ్లీ కలగలేదు. చేతను బట్టి లెక్కేస్తే అతని జీవితంలో ఆడా, మగా ఇద్దరూ ఉన్నారు. అది ఒంటరితనం వల్ల జరిగిందా, లోపల ఉన్న ఇష్టం వల్ల జరిగిందా అన్నది అతను తప్ప ఇంకెవరూ చెప్పలేరు. ఇప్పుడు భీమవరం దగ్గర రొయ్యల చెరువుల మీద పనిచేసే ఇంకో మనిషిని ఊహించుకోండి. భార్య మీద ప్రేమ ఉంది, కోరిక ఉంది. చిన్ననాటి స్నేహితుడి మీదా అంతే ప్రేమ, అదే కోరిక, ఇరవై ఏళ్లుగా లోపలే ఉంది. గీత ఒక్కసారి కూడా దాటలేదు. బయటినుంచి చూస్తే నలుగురిలో ఒకడు. లోపల చూస్తే బైసెక్సువల్. ఆ మాటను అతను జీవితంలో విని ఉండకపోవచ్చు కూడా. ఇక కాకినాడలో చదువుకునే పందొమ్మిదేళ్ల అమ్మాయి, ఎవరితోనూ ఏ సంబంధం లేకపోయినా, నేను బైసెక్సువల్‌ని అని ధైర్యంగా స్నేహితురాలికి చెప్పుకోగలదు. పేరు ఉంది, కోరిక ఉంది, చేత లేదు.

ఈ ముగ్గురిలో ఎవరిని లెక్కలోకి తీసుకోవాలి? అది అడిగేవాళ్ల అవసరాన్ని బట్టి మారుతుంది. ఉమ్మడి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు ఒకప్పుడు హెచ్‌ఐవీ వ్యాప్తి ఎక్కువగా ఉన్న జిల్లాల జాబితాలో ఉండేవి. వ్యాధిని ఆపడానికి వచ్చిన కార్యక్రమాలకు కావాల్సింది మనిషి మనసు కాదు, ఎవరికి ప్రమాదం ఉందన్న సమాచారం. అందుకే 'మగవారితో లైంగిక సంబంధం ఉన్న మగవారు' అని చేతను బట్టి ఒక వర్గాన్ని గీసుకున్నారు. ఆ పనిలో ఉన్నవాళ్ల నోట కోతీ, పంతీ, డబుల్ డెక్కర్ అన్న మాటలు వినిపించేవి. అవి మనిషి నడతను, పడకలో అతని పాత్రను బట్టి పెట్టుకున్న పేర్లు. పెళ్లయి, పిల్లలుండి, మగవాళ్లతోనూ సంబంధం ఉన్నవాళ్లు ఆ లెక్కల్లో చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరికి భార్య మీద నిజమైన కోరిక ఉంది, ఎవరు ఇంట్లోవాళ్ల బలవంతం మీద పెళ్లి చేసుకున్నారు అన్నది ఆ పేర్లు చెప్పవు. చెప్పడానికి పుట్టినవీ కావు.

దీనివల్ల ఒక నష్టం కూడా జరిగింది. ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్ల నుంచి మిగతా జనానికి వ్యాధిని చేరవేసే వంతెనగా ఈ మగవాళ్లను చూడడం ఆరోగ్య శాస్త్రంలో అలవాటయింది. కార్యక్రమాల కోణంలో దానికి కారణం ఉంది. కానీ 'ఇద్దరితోనూ ఉండేవాడంటే రోగం అంటించేవాడు' అన్న ముద్ర జనంలో మిగిలిపోయింది. వ్యాధి రక్షణ లేని సంబంధం వల్ల వస్తుంది. ఎవరిని ప్రేమించారన్న దానివల్ల రాదు.

గీత మీద కొలిచినవాళ్లు, గళ్లలో కొలిచినవాళ్లు

అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ కిన్సే జంతుశాస్త్రవేత్త. గాల్ కందిరీగల మీద పరిశోధించి పేరు తెచ్చుకున్నాడు. ఒకే జాతిలో కూడా ఏ రెండు పురుగులూ ఒకేలా ఉండవని కళ్లారా చూసినవాడు మనుషులను రెండు పెట్టెల్లో పెట్టడానికి ఒప్పుకోలేదు. 1948లో మగవాళ్ల మీద, 1953లో ఆడవాళ్ల మీద ఆయన బృందం నివేదికలు వెలువరించింది. వేలమందితో ముఖాముఖి మాట్లాడి, సున్నా నుంచి ఆరు దాకా ఒక గీత గీసింది. సున్నా అంటే పూర్తిగా ఇతర లింగం వైపు, ఆరు అంటే పూర్తిగా స్వలింగం వైపు. మధ్యలో ఒకటి నుంచి ఐదు దాకా ఉన్నవాళ్లు అన్ని మోతాదుల్లోనూ కనిపించారు. లైంగిక ఆసక్తే లేనివాళ్లను ఎక్స్ అన్న వేరే గుర్తు కింద రాసుకున్నారు. ఆ నివేదికలకు మనుషులను ఎంచుకున్న తీరు మీద గట్టి విమర్శలే వచ్చాయి కాబట్టి అందులోని శాతాలను ఇవాళ ఎవరూ యథాతథంగా తీసుకోరు. గీత మాత్రం నిలబడింది.

ఆ గీతలో ఒక చిక్కుంది. మన డెల్టా రైతులకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. దాళ్వాలో గోదావరి పలచబడి వంతులవారీగా నీళ్లు వదిలేటప్పుడు, ఒకవైపు ఎక్కువ ఇస్తే ఇంకోవైపు తగ్గుతుంది. కిన్సే గీత ఆకర్షణను అలాగే లెక్కేస్తుంది. మగవాళ్ల మీద ఇష్టం పెరిగిందంటే ఆడవాళ్ల మీద ఆ మేరకు తగ్గినట్టే. 1980లో మైకేల్ స్టార్మ్స్ అనే మనస్తత్వవేత్త ఈ లెక్కను ప్రశ్నించాడు. రెండు ఆకర్షణలనూ విడివిడిగా కొలవాలన్నాడు. సార్వాలో నది నిండుగా ఉన్నప్పుడు అన్ని కాలువలూ నిండుగానే పారినట్టు, ఒక మనిషిలో రెండూ బలంగా ఉండొచ్చు. రెండూ పలచగానూ ఉండొచ్చు. ఇలా కొలిస్తే, రెండువైపులా గాఢమైన ఇష్టం ఉన్న మనిషీ, ఎటూ పెద్దగా ఆసక్తి లేని మనిషీ ఒకేచోట పడకుండా వేరువేరుగా కనిపిస్తారు. 'నీకు మగవాళ్లంటే ఇష్టముందంటే నీ భార్య మీద ప్రేమ తగ్గినట్టే కదా' అన్న వాదనకు ఇక్కడే జవాబు ఉంది.

ఫ్రిట్జ్ క్లైన్ ఇంకా ముందుకు వెళ్లాడు. వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ సైకియాట్రిస్టు. తానూ బైసెక్సువలే. తనలాంటి వాళ్ల గురించి చదువుదామంటే ఏమీ దొరకక, 1974లో న్యూయార్క్‌లో ఒక చర్చా బృందాన్ని మొదలుపెట్టాడు. 1978లో ఒక పట్టికను ముందుకు తెచ్చాడు. ఆకర్షణ, నిజంగా జరిగిన సంబంధాలు, ఊహలు, మనసు ఎవరితో విప్పుకుంటారు, ఎవరి సాంగత్యంలో గడపడానికి ఇష్టపడతారు, ఎటువంటి సమాజంలో జీవిస్తారు, తమను తాము ఏమని పిలుచుకుంటారు అన్న ఏడు సంగతులు. ఒక్కోదానికి గతంలో ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది, మీ ఇష్టానికి వదిలేస్తే ఎలా ఉండాలి అని మూడు గళ్లు. మొత్తం ఇరవై ఒక్క గళ్లు. ఒక్కో గడిలో ఒకటి నుంచి ఏడు దాకా ఒక అంకె వేసుకోవాలి.

క్లైన్ పట్టిక మన ఊళ్లకు ఎందుకు అవసరమో కాస్త ఆగి చూడాలి. డెల్టా పల్లెల్లో మగవాడి రోజంతా మగవాళ్లతోనే గడుస్తుంది. కాలువ గట్టున, టీ కొట్టు దగ్గర, రచ్చబండ మీద. భుజాల మీద చేతులేసుకుని నడుస్తారు, పండక్కి ఒకే మంచం మీద ముగ్గురు పడుకుంటారు, కష్టం వస్తే భార్య కన్నా ముందు స్నేహితుడికి చెప్పుకుంటారు. ఆడవాళ్లూ అంతే. నరసాపురం పక్క పల్లెల్లో అరుగు మీద కూర్చుని లేసు అల్లుకునే ఆడవాళ్లు చెప్పుకోని కబురు ఉండదు. సాంగత్యం, మనసు విప్పుకోవడం అనే రెండు గళ్లలో మన జనం చాలామంది సొంత జెండర్ వైపే పెద్ద అంకె వేసుకుంటారు. దాన్ని చూసి వీళ్లందరూ బైసెక్సువల్ అనడం తప్పు. ఆ స్నేహాల చాటున ఒకరిద్దరికి స్నేహాన్ని మించిన ప్రేమ ఉంటే, 'ఆ, స్నేహితులే కదా' అని కొట్టిపారేయడం కూడా తప్పే. మన దగ్గర అంత దగ్గరితనం మామూలు కాబట్టి, అసలు ప్రేమ కూడా అందులో కలిసిపోయి ఎవరి కంటా పడదు. కొందరికి అదొక రక్షణ. ఇంకొందరికి జీవితాంతం ఉక్కిరిబిక్కిరి.

'మీ ఇష్టానికి వదిలేస్తే' అన్న గడి దగ్గర చాలామంది కలం ఆపేస్తారని నేననుకుంటాను. ముఖ్యంగా ఆడవాళ్లు. నీకు ఎవరు ఇష్టం అన్న ప్రశ్నే జీవితంలో ఎవరూ అడగని మనిషికి, మేనరికం ఖాయమై చిన్నప్పటినుంచీ ఎవరి పెళ్లామో తెలిసిపోయిన మనిషికి, ఆ గడి నింపడం తేలిక కాదు. ఈ పట్టిక ఎవరికి వారు ఒంటరిగా కూర్చుని ఆలోచించుకోవడానికి పనికొస్తుంది. పక్కవాడి మీద ముద్ర వేయడానికి పనికిరాదు.

ఇద్దరేనా, ఇంకా ఎక్కువమందా?

బైసెక్సువల్ అంటే ఆడ, మగ ఇద్దరిని మాత్రమే లెక్కలోకి తీసుకుని, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను, ఆ రెంటిలోనూ ఇమడని వాళ్లను బయట పెట్టినట్టు కాదా అని ఈ కాలం పిల్లలు అడుగుతారు. ఇది నిజాయితీ గల ప్రశ్న. బైసెక్సువల్ ఉద్యమంలో ఉన్నవాళ్లు దీనికి చాలా ముందే జవాబు చెప్పారు. 1990లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం నుంచి వెలువడిన ఒక బైసెక్సువల్ పత్రిక తన ప్రకటనలో, మమ్మల్ని రెండుగా చీలినవాళ్లుగా చూడొద్దు, జెండర్లు రెండే అని అనుకోవద్దు, మాకు ఒకేసారి ఇద్దరు కావాలనీ అనుకోవద్దు అని స్పష్టంగా రాసింది. సొంత జెండర్, ఇతర జెండర్లు అని అర్థం చేసుకునేవాళ్లు ఎక్కువ. ఆకర్షణలో జెండర్ అసలు లెక్కలోకే రాదు అనిపించేవాళ్లు పాన్‌సెక్సువల్ అని చెప్పుకుంటారు. ఈ రెండు పేర్ల మధ్య గట్టి గోడ లేదు. రెండూ తమకు సరిపోతాయనేవాళ్లు కూడా ఉన్నారు. ఏ పేరు పెట్టుకోవాలన్నది ఆ మనిషి ఇష్టం, దాని మీద మిగతావాళ్లు పంచాయితీ పెట్టాల్సిన పని లేదు.

'అదో దశ, పోతుంది' అన్న మాట సంగతి

బైసెక్సువాలిటీ అసలు ఉందా అని శాస్త్రం కూడా సందేహించింది. ఆ కథ తెలిసి తీరాలి. 2005లో అమెరికాలో కొందరు పరిశోధకులు మగవాళ్లకు రకరకాల దృశ్యాలు చూపించి శరీరం ఎలా స్పందిస్తుందో కొలిచారు. బైసెక్సువల్ అని చెప్పుకున్న మగవాళ్లలో చాలామంది శరీరం ఒకవైపే ఎక్కువగా స్పందించిందని తేల్చారు. ఈ మగవాళ్లు మామూలువాళ్లో, గేలో (మగవాళ్లనే ఇష్టపడే మగవాళ్లో), లేదంటే అబద్ధాలు చెబుతున్నారో అనే అర్థం వచ్చే శీర్షికతో అక్కడి పెద్ద పత్రిక వార్త వేసింది. ఆ ఒక్క శీర్షిక ఎంతమందిని బాధపెట్టిందో చెప్పలేం. 2011లో, నిజంగా ఇద్దరితోనూ ప్రేమ సంబంధాలున్న మగవాళ్లను జాగ్రత్తగా ఎంచుకుని పరీక్షిస్తే, వాళ్ల శరీరాలు రెండువైపులా స్పందించాయి. 2020లో పాత పరీక్షల వివరాలన్నీ ఒకచోట చేర్చి మళ్లీ లెక్కించారు. మగవాళ్లలో బైసెక్సువాలిటీ నిజమేనని గట్టిగా తేలింది. ఆ పత్రంపై సంతకం చేసినవాళ్లలో 2005లో సందేహం లేవనెత్తిన పరిశోధకులూ ఉన్నారు. తమ పాత మాటను తామే సరిదిద్దుకున్న ఆ పద్ధతిని నేను గౌరవిస్తాను. అయినా ఒక మాట. తనకు ఎవరంటే ఇష్టమో చెప్పే మనిషిని నమ్మడానికి యంత్రం సాక్ష్యం కావాలని అడగడమే అవమానం.

ఆడవాళ్ల విషయంలో వచ్చిన అనుమానం వేరు. వయసులో అలా అనిపిస్తుంది, తర్వాత ఎటో ఒకటి తేల్చుకుంటారు అన్నారు. లీసా డైమండ్ అనే మనస్తత్వవేత్త లెస్బియన్, బైసెక్సువల్, ఏ పేరూ పెట్టుకోని యువతులు 79 మందిని పదేళ్లపాటు వెంటాడి అడుగుతూ వచ్చి 2008లో ఫలితాలు ప్రచురించారు. పేర్లు మారాయి. కొందరు ఒక పేరు వదిలి ఇంకోటి పెట్టుకున్నారు, కొందరు ఏదీ వద్దన్నారు. ఒకరికన్నా ఎక్కువ జెండర్ల వైపు ఆకర్షణ మాత్రం చాలామందిలో చెక్కుచెదరకుండా నిలిచింది. అది దారిలో మజిలీ అనుకున్నవాళ్ల అంచనా తప్పింది. కొంతమంది గేలు, లెస్బియన్లు తమ నిజం చెప్పుకునే ముందు కొన్నాళ్లు బైసెక్సువల్ అని చెప్పుకున్న మాట నిజమే. వాళ్ల దారి వాళ్లది. దాన్ని అందరికీ అంటగట్టకూడదు.

ఈ అపనమ్మకం ఒకవైపు నుంచే రాదు. కెంజీ యోషినో అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు 2000లో రాసిన వ్యాసంలో, బైసెక్సువల్ మనుషులను కనబడకుండా చేయడంలో మామూలు జనానికీ, గే, లెస్బియన్ సమాజానికీ ఇద్దరికీ ప్రయోజనం ఉందని వాదించాడు. మధ్యలో మనుషులుంటే, నేను ఫలానా అని రుజువు చేసుకునే దారి ఎవరికీ మిగలదు. పెళ్లయిన మగవాడు 'నేను మామూలువాణ్ని' అని పెళ్లిని చూపించలేడు. గే మనిషికి 'నేను ఇలాగే పుట్టాను, ఇంకో దారి లేదు' అన్న వాదన పలచబడుతుందేమోనన్న భయం. అందుకే ఇటువాళ్లు 'నువ్వు అటువాడివి' అంటారు, అటువాళ్లు 'నువ్వు ఇటువాడివి, పెళ్లి చాటున దాక్కుంటున్నావు' అంటారు. ఎవరి గుంపులోనూ చోటు లేకపోవడం మనసును తినేస్తుంది. చాలా దేశాల్లో జరిగిన అధ్యయనాల్లో బైసెక్సువల్ మనుషుల్లో డిప్రెషన్, ఆందోళన గేలు, లెస్బియన్లలో కన్నా కూడా ఎక్కువగా కనిపించాయి.

సంఖ్య తక్కువ కాబట్టి ఎవరూ పట్టించుకోరనడానికీ లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 జనగణనలో మొదటిసారి ఈ ప్రశ్న అడిగితే, గే లేదా లెస్బియన్ అని 1.5 శాతం, బైసెక్సువల్ అని 1.3 శాతం చెప్పారు. అమెరికాలో జరుగుతున్న సర్వేల్లోనైతే ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్) అని చెప్పుకునేవాళ్లలో సగానికి పైగా బైసెక్సువల్సే. మన జనగణన ఈ ప్రశ్న అడగదు.

చట్టం ఎంతవరకు వచ్చింది

ఇదంతా విదేశాల నుంచి వచ్చిన పైత్యం అనే పెద్దలకు ఒక సంగతి గుర్తుచేయాలి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు అదే బ్రిటిష్ పాలన తెచ్చిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ ఇటువంటి సంబంధాలను నేరం చేసింది. విదేశం నుంచి వచ్చినది ఆ శిక్ష. 2006లో ఆ సెక్షన్‌కు వ్యతిరేకంగా దేశంలోని ప్రముఖులు బహిరంగ లేఖ రాసినప్పుడు ముందు నిలబడ్డ రచయిత విక్రమ్ సేఠ్ తాను బైసెక్సువల్‌నని దాచుకోని మనిషి. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, మేజర్లు సమ్మతితో పెట్టుకునే సంబంధం నేరం కాదని తీర్పు చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి మాత్రం 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇద్దరు మేజర్ యువతులకు తమ ఇష్టప్రకారం కలిసి జీవించే హక్కు ఉందని 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు, వెళ్లబోయేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మన కోర్టుల తీర్పులు అక్కడ పనిచేయవు. కువైట్, సౌదీ, ఖతార్ వంటి చోట్ల ఇది ఇప్పటికీ నేరమే.

'పెళ్లి చేసేస్తే అదే సర్దుకుంటదండి, ఆయ్' అని మన పెద్దలు చెప్పే సలహా మీద నాకున్న కోపం దాచుకోను. ఆ సలహాలో రెండు జీవితాలున్నాయి. గే మగవాడికో, లెస్బియన్‌కో బలవంతంగా పెళ్లి చేస్తే జరిగే నష్టం అందరికీ ఎప్పటికైనా కనిపిస్తుంది. బైసెక్సువల్ విషయంలో పెద్దల వాదన ఇంకా గట్టిగా ఉంటుంది. 'నీకు అమ్మాయిలన్నా ఇష్టమే అంటున్నావుగా, ఇంకేం బాధ?' అంటారు. బాధ ఏమిటంటే, ఇష్టం మనుషుల మీద కలుగుతుంది. ఎవరో ఒక అమ్మాయి చాలదు, తనకు నచ్చిన అమ్మాయి కావాలి. ఇంకా, తను ఎవరో తెలియకుండా తనను చేసుకుంటున్న ఆ అమ్మాయికి ఆ విషయం తెలుసుకునే హక్కు ఉంది.

మారుస్తామని మందులిచ్చేవాళ్లు, తాయెత్తులు కట్టేవాళ్లు మన వైపు తక్కువేమీ లేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణను రోగాల జాబితా నుంచి 1990లోనే తీసేసింది. మనసును మార్చే చికిత్స పేరుతో డాక్టర్లు చేసే పనిని వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా చూడాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్రాల వైద్య మండళ్లకు రాసింది. మానసిక వైద్యంలో లైంగిక ఆసక్తి ఆధారంగా వివక్ష చూపకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. 'మార్చేస్తాం' అని ఎవరైనా డబ్బు అడిగితే ఈ మూడూ గుర్తుంచుకోవాలి.

భర్తకో, భార్యకో తెలిసినప్పుడు

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న ఇంట్లో పుడుతుంది. భర్త బైసెక్సువల్ అని తెలిసిన భార్య అడిగే మొదటి మాట, 'అయితే ఇన్నాళ్లూ నాతో ఉన్నదంతా నటనేనా?' భార్య గురించి తెలిసిన భర్తకూ అదే టెన్షన్. ఇక్కడ నిర్వచనం తెలిసి ఉండటం నిజంగా పనికొస్తుంది. బైసెక్సువల్ మనిషికి జీవిత భాగస్వామి మీద కోరిక, ప్రేమ పూర్తిగా నిజం కావచ్చు. స్టార్మ్స్ లెక్కలో రెండో వైపు ఎంత ఉన్నా ఈ వైపు తగ్గనక్కర్లేదు. ఇంకొకరి మీద ఆకర్షణ కలిగే వీలుండటం, ఆ వీలును వాడుకోవడం వేరువేరు సంగతులు. ఆడవాళ్లంటే మాత్రమే ఇష్టమున్న మగవాడికి పెళ్లి తర్వాత కూడా దారినపోయే ఆడవాళ్లు అందంగా కనిపిస్తారు. అతను నమ్మకంగా ఉంటాడా లేదా అన్నది అతని మాట మీద, నడత మీద ఆధారపడుతుంది. బైసెక్సువల్ మనిషికీ అదే కొలత. అందరూ అలా ఉంటారని కాదు. బయట సంబంధం పెట్టుకుని దాచినవాడు మోసం చేసినట్టే, రక్షణ లేకుండా ఉంటే భార్య ఆరోగ్యాన్ని కూడా ప్రమాదంలో పెట్టినట్టే. ఆ తప్పుకు అతని స్వభావాన్ని సాకుగా చెప్పకూడదు. అతని తప్పును పట్టుకుని ఆ స్వభావం ఉన్నవాళ్లందరినీ అనకూడదు.

చెప్పాలా, ఎప్పుడు చెప్పాలి అన్నదానికి అందరికీ సరిపోయే జవాబు లేదు. పెళ్లి చేసుకోబోయే మనిషికి ముందే చెప్పడం న్యాయమని నా అభిప్రాయం. మిగతా లోకానికి చెప్పాల్సిన బాధ్యత మాత్రం ఎవరి మీదా లేదు. చిన్న ఊళ్లో ఒకరికి చెబితే సాయంత్రానికి సెంటర్‌లో చర్చ అవుతుంది. ఉద్యోగం, ఇల్లు, చెల్లెలి పెళ్లి అన్నీ దానికి ముడిపడి ఉంటాయి. చదువు, సొంత సంపాదన ఉన్న మగపిల్లాడికి ఉన్న వెసులుబాటు ఇంటి గడప దాటడానికే అనుమతి అడగాల్సిన ఆడపిల్లకు ఉండదు. కాబట్టి చెప్పుకోనివాళ్లను పిరికివాళ్లనడం అన్యాయం. ఎవరైనా నమ్మి మీకు చెబితే, అది వాళ్ల అనుమతి లేకుండా మీ నోటినుంచి ఇంకొకరికి చేరకూడదు, వాళ్ల అమ్మానాన్నలకైనా సరే. 'ఖాయంగా తెలుసా?' అని అడగొద్దు. 'ఎవరెవరితో?' అని అసలే అడగొద్దు. ఇప్పుడు ఎలా ఉన్నావు, నేనేం చేయాలి అని అడిగితే చాలు. నిద్ర పట్టక, బతకాలనిపించక ఉన్నవాళ్లుంటే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేయొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.